మంచు తోసే బ్లేడు కొనేముందు, రాయి తగిలితే ఏమవుతుందో అడగండి

2019 జనవరి ఆఖరి వారం. పోలార్ వోర్టెక్స్ అని టీవీల్లో రోజుల తరబడి చెప్పిన చలి మిషిగన్ మీదికి దిగిన రోజులు. గ్యాస్ వాడకం తగ్గించండి, థర్మోస్టాట్ 65 ఫారెన్‌హీట్ డిగ్రీలకు దించండి అని రాత్రిపూట మా అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగిన వారం అది. ఆ వారంలో ఒకరోజు తెల్లవారక ముందే ట్రాక్టర్ ఎక్కి ఇంటి దారిలో మంచు తోస్తున్నాను. ట్రాక్టర్ ముందు రెండు ఇనుప చేతులతో బరువులెత్తే లోడర్ ఉంది. దాని బకెట్ అంచుకు బిగించిన కొత్త బ్లేడు, మంచు ఎడమ పక్కకు పడేలా తిప్పి ఉంది. మెయిన్ రోడ్డుకు ఇరవై అడుగుల ఇవతల మా దారి కింద కాలవ నీళ్ళు పోయే తూము ఒకటుంది. దాని కాంక్రీట్ అంచు బ్లేడు కుడి మూలకు తగిలింది. ట్రాక్టర్ ఉన్నచోటే ఆగింది, నా ఛాతీ పోయి స్టీరింగ్‌కు కొట్టుకుంది. దిగి టార్చ్ వేసి చూస్తే బకెట్ పెదవి వంగిపోయి ఉంది, కుడివైపు లోడర్ చెయ్యి ఎడమదానికంటే అంగుళం పైకి నిలబడి ఉంది. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగం కూడా లేదు అప్పుడు.

తూము ఎప్పటినుంచో అక్కడే ఉంది, అది అక్కడుందని నాకు తెలుసు కూడా. నేను చేసిన పొరపాటు అంతకు రెండు నెలల ముందు, కుర్చీలో కూర్చుని ఆన్‌లైన్‌లో బ్లేడు ఎంచుకున్నప్పుడు జరిగింది. ఎన్ని అడుగులు, ఎంత ధర, ఏ రంగు, అన్నీ చూశాను. అది ట్రాక్టర్‌కు ఎక్కడ తగులుకుంటుంది, దెబ్బ తగిలితే ఆ దెబ్బ ఎటు పోతుంది అన్నది చూడలేదు. అమ్మినవాళ్ళు రెండు క్లాంపులతో అయిదు నిమిషాల్లో బిగుస్తుంది అన్నారు. అయిదు నిమిషాల్లోనే బిగిసింది.

ఇప్పుడు ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య మనవాళ్ళు చాలామంది ఊరి బయట అయిదెకరాలు, పదెకరాలు ఉన్న ఇళ్ళు కొంటున్నారు. కూరగాయల మడులు, కోళ్ళు, ఒక చిన్న ట్రాక్టర్. అక్టోబరు వచ్చేసరికి నాకు ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, ఏ స్నో ప్లౌ కొనాలి?" నా జవాబు ప్రతిసారీ ఒకటే. ముందు మౌంట్ సంగతి, అంటే బ్లేడును ట్రాక్టర్‌కు ఎక్కడ ఎలా బిగిస్తారన్నది తేల్చుకోండి, బ్లేడు సంగతి తర్వాత. ఫోన్లో ఇది రెండు నిమిషాల్లో చెప్పలేక, చెప్పినా అవతలివాళ్ళకు చాదస్తంలా వినిపిస్తోందని అనిపించి, ఇలా కూర్చుని రాస్తున్నాను.

మా పరిస్థితి ముందు చెప్పాలి. మేముండేది మిషిగన్ పడమటి వైపు, కాలమజూకీ సౌత్ హేవెన్‌కీ మధ్య. అవతల విస్కాన్సిన్ నుంచి వచ్చే పొడి చలిగాలి మిషిగన్ సరస్సు మీదుగా వస్తూ, ఇంకా గడ్డకట్టని ఆ నీళ్ళ వెచ్చదనాన్నీ తేమనూ తాగి, ఒడ్డు దాటగానే మా నెత్తిన మంచుగా దించుతుంది. దీన్నే లేక్ ఎఫెక్ట్ అంటారు. ఆకాశం ఇక్కడ కురుస్తుంటే పదిమైళ్ళ అవతల ఎండ కాస్తుంటుంది. మా రాష్ట్రం ఉత్తరపు కొసన కీవీనా కౌంటీలో 1978–79 చలికాలంలో 390.4 అంగుళాలు పడిందని హైవే పక్కన పెద్ద థర్మామీటర్ లాంటి బోర్డు పెట్టారు. మాకు అందులో నాలుగో వంతు కూడా పడదనుకోండి, అయినా మా దారి పొడవు 380 అడుగులు, వెడల్పు 12, కిందంతా కంకర. దాని మీద ఒక్క అడుగు మంచు పడితే దాదాపు 130 ఘనపు మీటర్లు. తాజా మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు తూగుతుంది కాబట్టి, ఆఫీసుకు వెళ్ళేముందు ఆరేడు టన్నుల నుంచి పదమూడు టన్నుల దాకా పక్కకు తొయ్యాలన్నమాట. పారతో ఒకసారి చేశాను, మొదటి ఏడాది, ఇంట్లో ట్రాక్టర్ లేనప్పుడు. రెండురోజులు నడుము పట్టేసింది.

తర్వాత 25 హార్స్‌పవర్ ట్రాక్టర్ కొన్నాను. ముందు లోడర్, వెనక పనిముట్లు తగిలించే మూడు పాయింట్ల హిచ్. ఇంగ్లీషులో మంచు తోసే బ్లేడునూ ప్లౌ అనే అంటారు, మా నాయన వీడియో కాల్‌లో ఆ మాట విని చాలాసేపు మడక కోసం వెతికాడు. మాది కర్నూలు వైపు, రాళ్ళ చేను. మాకు నాగలి అంటే మడక. ఆయనకు బ్లేడు చూపించాను, బకెట్‌కు ఎలా బిగించానో కూడా చూపించాను, ఇదంతా తూము దెబ్బకు ఒక నెల ముందు. ఆయన చూసి చూసి అడిగిన ప్రశ్న ఒక్కటే. "బాగుంది గానీ, రాయి తగిల్తే అదెట్ల వెనక్కి పోతాదిరా?"

నేను, ఇక్కడ మంచు తప్ప రాళ్ళు ఉండవు నాయనా అన్నాను.

ఆ ప్రశ్న ఆయనకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు బాగా తెలుస్తోంది. మా తాత ఎద్దులతో మడక దున్నేటప్పుడు మేడి ఆయన చేతిలో ఉండేది. కర్రు రాయికి తగిలిందంటే ఆ దెబ్బ ముందు చేతికి తెలిసేది, చెయ్యి మేడిని ఎత్తేది, ఎద్దులు ఆగేవి. రాయికీ మడకకూ మధ్యలో మనిషి చెయ్యి ఉంది. ట్రాక్టర్ వచ్చాక ఆ చెయ్యి పోయింది. అందుకే మా వైపు రాళ్ళ చేలల్లో స్ప్రింగు గొర్రు తప్ప మామూలు గొర్రు పెట్టరు. ప్రతి పన్నుకూ స్ప్రింగులుంటాయి, రాయి తగిలితే ఆ ఒక్క పన్ను వెనక్కి మడుచుకుని, రాయి దాటాక మళ్ళీ నేలలో దిగుతుంది. మిగతా పళ్ళు దున్నుతూనే ఉంటాయి. చదువు లేని మా నాయనకు ఇది చెప్పక్కర్లేని విషయం. ఇంజినీరింగ్ చదివిన నాకు బకెట్ వంగాక గాని గుర్తు రాలేదు.

ఈ రాయి సమస్య ట్రాక్టర్ పుట్టినప్పటినుంచీ ఉంది. మొదట్లో నాగలిని ట్రాక్టర్ వెనక బండి కట్టినట్టు కట్టేవాళ్ళు. నాగలి దేనికో ఇరుక్కుంటే చక్రాలు తిరగడానికి దారి లేక ట్రాక్టర్ ముందుభాగమే పైకి లేచి వెనక్కి తిరగబడేది, నడిపేవాడు కింద పడి నలిగేవాడు. ఐర్లండ్ వాడు హ్యారీ ఫెర్గూసన్ దీనికి పట్టుబట్టి ఏళ్ళ తరబడి పనిచేసి మూడు పాయింట్ల హిచ్ తయారుచేశాడు. 1938లో మా ఇంటికి రెండున్నర గంటల దూరంలోని డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్‌కు చూపించి, కాగితం లేకుండా చెయ్యి కలిపి ఒప్పందం చేసుకున్నాడు. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ ఆ హిచ్‌తో వచ్చింది. కర్నూల్లో మా గొర్రు తగిలించేదీ, ఇక్కడ నా ట్రాక్టర్ వెనక ఉన్నదీ అదే హిచ్. కింద రెండు చేతులు లాగుతాయి, పైనున్న టాప్ లింక్ ముందుకు నెడుతుంది, దాంతో నాగలి దేనికైనా తగిలితే ముందు చక్రాలు లేవడానికి బదులు నేలకు ఒత్తుకుంటాయి. దెబ్బ ఎటు పోవాలో ముందే నిర్ణయించి గీసిన బొమ్మ అది. ట్రాక్టర్ వెనకభాగంలో ఇంత ఆలోచన ఉంది. ముందుభాగంలో లోడర్‌కు మంచు బ్లేడు బిగించేటప్పుడు మనం ఏ ఆలోచనా చెయ్యడం లేదన్నదే నా బాధ.

లోడర్ చేతులు దేనికి చేశారో చూడండి. బరువును పైకి ఎత్తడానికి. మట్టి, కంకర, పేడ, కట్టెలు. బరువు రెండు చేతుల మీదా సమానంగా, కిందికి పడాలి. మంచు తోసేటప్పుడు బలం వెనక్కి వస్తుంది, అదీ బ్లేడు పక్కకు తిప్పి ఉంటే ఒక చేతి మీదే ఎక్కువ వస్తుంది. అందులోనూ బ్లేడు ముందు ఇరుసుకు మూడు నాలుగు అడుగుల అవతల ఉంటుంది, దాని మూల మధ్యగీతకు ఇంకో మూడడుగుల పక్కన. అంత పొడుగు మీటతో ఎవరైనా మెలితిప్పితే ఏ ఇనుమైనా ఎంతకని ఆగుతుంది?

లెక్క వేస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ట్రాక్టర్, దాని వెనక బరువు, నేను, అంతా కలిపి 1,500 కిలోలు అనుకోండి. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ అయిదు సెంటీమీటర్లలో ఆగిపోతే, ఆ క్షణంలో బ్లేడు మీద సగటున ఏడున్నర టన్నుల బలం పడుతుంది. నా లోడర్ ఎత్తగలిగేది అరటన్ను లోపు. వేగం సగానికి తగ్గిస్తే దెబ్బ నాలుగో వంతుకు తగ్గుతుంది, అంటే రెండు టన్నుల లోపు. ఇక బ్లేడు మడుచుకుని తూము అంచును దాటేస్తే ట్రాక్టర్ అసలు ఆగక్కర్లేదు. మంచు తోసే బ్లేళ్ళకు ఉండే ట్రిప్ స్ప్రింగు చేసే పని అదే. కొన్నిట్లో మొత్తం బ్లేడు ముందుకు బోర్లుతుంది, కొన్నిట్లో కింది అంచు ఒక్కటే వెనక్కి మడుచుకుంటుంది. నేను కొన్న బ్లేడుకు రెండూ లేవు. మడత పడాల్సినచోట బ్లేడు మడత పడకపోతే ఇంకోచోట ఇంకోటి మడత పడుతుంది, ఆ రోజు అది బకెట్ పెదవి.

ఇక ఎన్ని రకాలుగా బిగించవచ్చు అన్న విషయం. బకెట్‌కు క్లాంపులతో బిగించే రకం గురించి నాకు మంచి మాట ఏదీ లేదు. ఇంటి ముందు సిమెంటు దారి ఉండి, నడక వేగంతో నాలుగంగుళాల మంచు తోసుకునేవాళ్ళకు ఏళ్ళ తరబడి ఏమీ కాకపోవచ్చు. కంకర దారి, తూములు, చెట్ల మొదళ్ళు ఉన్న పల్లెటూరి ఇంటికి మాత్రం దాన్ని నేను సిఫారసు చెయ్యను.

వెనక హిచ్‌కు తగిలించే బ్లేడు చాలా చవక, గట్టిది కూడా, వేసవిలో కంకర చదును చేసుకోవడానికి పనికొస్తుంది. చేతిలో డబ్బు తక్కువుంటే మొదటి ఏడాది ఇదే కొనండి అని చెప్తాను. మంచును ముందు చక్రాలతో తొక్కుకుంటూ పోయి తర్వాత లాగాలి, కాబట్టి అడుగు దాటితే కష్టం. గంటసేపు మెడ వెనక్కి తిప్పి కూర్చోవాలి. వెనక్కి నడుపుతూ దాంతో మంచు తోసేవాళ్ళను చూశాను, అలా చేస్తే హిచ్ కింది చేతులు వంగిపోతాయి, అవి లాగడానికి చేసినవి.

లోడర్ బకెట్ తీసేసి, స్కిడ్ స్టీర్ ప్లేటు అనే, మీటలతో తగిలించి విప్పే బిగింపుతో అసలైన ప్లౌ తగిలించే పద్ధతి ఉంది. ఇప్పుడు ఎక్కువమంది కొనేది ఇదే, దీని తరఫున వాదించేవాళ్ళ మాటలో నిజం కూడా చాలా ఉంది. రెండు మీటలు తిప్పితే బకెట్, రెండు మీటలు తిప్పితే ప్లౌ. అవసరమైతే బ్లేడును నాలుగడుగులు ఎత్తి మంచు గుట్ట మీదికి ఎక్కించవచ్చు. ఫిబ్రవరిలో దారి పక్క గట్లు నడుం ఎత్తు పెరిగినప్పుడు ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. ట్రిప్ స్ప్రింగు ఉండి, పక్కకు తిప్పే సిలిండర్లకు దెబ్బ తగిలినప్పుడు నూనె ఒత్తిడిని వదిలే క్రాస్‌ఓవర్ రిలీఫ్ వాల్వు ఉండి, నడిపేవాడు నడక వేగం దాటకుండా ఉంటే ఇది పనిచేస్తుంది. ఆ మూడిట్లో ఒక్కటి లేకపోయినా నాకు జరిగిందే జరుగుతుంది. మూడోదాన్ని నమ్మడం కష్టం. ఎనిమిదింటికి మీటింగ్ ఉండి, ఏడున్నరకు ఇంకా సగం దారి మిగిలితే ఎవరి కాలైనా పెడల్ మీద బరువెక్కుతుంది.

నేను చివరికి ఎంచుకున్నది సబ్‌ఫ్రేమ్. లోడర్ పూర్తిగా విప్పేసి పక్కన పెట్టి, ట్రాక్టర్ పొట్ట కింద ఒక ఇనుప చట్రం బిగించడం, దాని ముందు కొసకు బ్లేడు తగిలించడం. తోసే బలం వెనక చక్రాల దగ్గర పుడుతుంది. చట్రం ట్రాక్టర్ మధ్యభాగం నుంచి మొదలైతే ఆ బలం నేలకు దగ్గరగా, తిన్నగా, లోడర్ చేతుల జోలికి పోకుండా బ్లేడు దాకా పోతుంది. దెబ్బ తగిలినా అదే దారిన వెనక్కి వచ్చి ట్రాక్టర్ మొత్తం బరువు మీద పడుతుంది. బ్లేడు కూడా ముందు చక్రాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, పక్కకు తిప్పి తోస్తున్నప్పుడు ట్రాక్టర్ మూతి జారడం బాగా తగ్గుతుంది. ఇది నేను ఊహించలేదు, మొదటిరోజే తెలిసిపోయింది.

బ్లేడు పాతది, ఒకప్పుడు జీపుకు ఉన్నది, ఆరున్నర అడుగులు. పెద్ద పికప్ ట్రక్కులకు పెట్టే ఏడున్నర అడుగులది చవకగా దొరుకుతోంది కదా అని ఒక స్నేహితుడు అన్నాడు, దాని బరువుకు నా ముందు ఇరుసు ఆగదు. ఇంకో లెక్క కూడా ఉంది. బ్లేడును 30 డిగ్రీలు పక్కకు తిప్పితే అది ఊడ్చే వెడల్పు తగ్గుతుంది. ఆరడుగుల బ్లేడు అప్పుడు 62 అంగుళాలే ఊడుస్తుంది, అంటే చిన్న ట్రాక్టర్ చక్రాల వెడల్పుకు కాస్త ఎక్కువ, అంతే. అంతకంటే చిన్నది కొంటే ఊడ్చని మంచునే మీ చక్రాలు తొక్కుతాయి. తొక్కిన మంచు రాత్రికి గడ్డయిపోతుంది.

చట్రం చెయ్యడానికి మా పక్కింటి పెద్దాయన సాయం చేశాడు. నలభై ఏళ్ళు పాడి నడిపిన మనిషి, వెల్డింగ్ మిషను, దాని పక్కనే కాఫీ ఫ్లాస్కు, ఆయన షెడ్డు ఒక వర్క్‌షాప్. నేను ఇనుప ఛానల్ కోసి తెచ్చి ఇక్కడ బిగిద్దాం అన్నచోట ఆయన టేపు పెట్టి కొలిచి, మూడంగుళాలు ఎత్తయింది అన్నాడు. మూడంగుళాలకు ఏమవుతుందని నాకనిపించింది. ఆయన బ్లేడు వెనకుండే త్రికోణపు చట్రాన్ని సిమెంటు నేల మీద పెట్టి చూపించాడు. బ్లేడు నేలమీద ఉన్నప్పుడు ఆ త్రికోణం నేలకు సమాంతరంగా ఉండాలి. వెనక కొస ఎత్తులో ఉంటే, బ్లేడు తిన్నగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, పక్కకు తిప్పగానే ఒక మూల నేలను కరుస్తుంది, ఇంకో మూల గాల్లోకి లేస్తుంది. ట్రిప్ అవ్వాల్సిన కోణం కూడా మారిపోతుంది. టైర్లలో గాలి సరిచూసి, వెనక బరువు తగిలించి, ట్రాక్టర్ చదునైన నేల మీద ఉన్నప్పుడే కొలవాలి. ఇవేవీ లేకుండా నేను కొలిచిన కొలత తప్పు. బ్రాకెట్ మూడంగుళాలు దించాం. దీనికి పట్టింది ఒక శనివారం సాయంత్రం. బ్లేడు అంచు మొత్తం సమానంగా అరుగుతోందంటే ఆ సాయంత్రం పుణ్యమే.

బోల్టుల విషయంలో పిసినారితనం వద్దు. ట్రాక్టర్ బాడీకి ఉన్న రంధ్రాలనే వాడండి, కొత్తగా తొలచకండి. తలమీద 10.9 అని గట్టిదనపు గుర్తు ఉన్న బోల్టులు తెచ్చి, టార్క్ రెంచ్‌తో బిగించి, మొదటి గంట పని తర్వాత మళ్ళీ చూడాలి. నాకు నాలుగిట్లో రెండు వదులయ్యాయి.

హైడ్రాలిక్స్ అంటే చాలామంది భయపడతారు, ఇందులో భయపడాల్సింది తక్కువ. పాత బ్లేడుతో వచ్చిన 12 వోల్టుల పంపు పక్కన పడేశాను, ట్రాక్టర్‌కు పంపు ఉంది కదా. లోడర్ విప్పినప్పుడు నాలుగు గొట్టాలు ఖాళీగా మిగులుతాయి: రెండు ఎత్తడానికి, రెండు బకెట్ వంచడానికి. ఎత్తేవి బ్లేడు ఎత్తే సిలిండర్‌కు, వంచేవి బ్లేడును పక్కకు తిప్పే రెండు ర్యాములకు, అంటే చిన్న సిలిండర్లకు. ఆ ర్యాములకు ఒక్కోదానికి ఒక్కో గొట్టమే ఉంటుంది, ఒకటి చాచుకుంటే రెండోది ముడుచుకుంటుంది. కొత్త వాల్వు కొనకుండానే అదే జాయ్‌స్టిక్ పైకి, కిందికి, ఎడమకు, కుడికి. ఇంతవరకూ అందరూ చేస్తారు. చాలామంది వదిలేసేది ఆ రెండు గొట్టాల మధ్య పెట్టాల్సిన క్రాస్‌ఓవర్ రిలీఫ్. బ్లేడు మూల దేనికైనా తగిలినప్పుడు ఒక ర్యాములో నూనె ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, వాల్వు మూసి ఉంది కాబట్టి ఆ నూనెకు పోయే దారి ఉండదు. ర్యాము వంగాలి, లేదా గొట్టం పగలాలి. ఈ చిన్న వాల్వు ఉంటే నూనె రెండో ర్యాములోకి పోతుంది, బ్లేడు కాస్త తిరిగి దెబ్బను ఇచ్చేస్తుంది. ఎదురు దెబ్బకు స్ప్రింగు, మూల దెబ్బకు ఈ వాల్వు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకండి, నా తూముది మూల దెబ్బే.

ఎత్తే సిలిండర్‌కూ బ్లేడుకూ మధ్య గొలుసు పెట్టాం, ఇనుప కడ్డీ పెట్టలేదు. గొలుసు వదులుగా ఉంటే బ్లేడు దాని బరువుతో నేల ఎలా ఉంటే అలా పైకీ కిందికీ ఆడుతుంది. ట్రాక్టర్ ముందు చక్రం గుంటలో దిగినా బ్లేడు నేలలోకి దిగదు.

లోడర్ విప్పితే ముందు బరువు తగ్గుతుంది, మంచిదే, అయినా మంచు మీద పట్టు వెనక చక్రాలది. వెనక టైర్లలో మామూలు నీళ్ళు పోస్తే ఇక్కడ గడ్డకడతాయి. బీట్‌రూట్ జాతి చక్కెర దుంప రసం పోస్తారు, కాల్షియం క్లోరైడ్ ద్రావణం పోస్తారు. రసం ఖరీదెక్కువ, రిమ్ములు తుప్పు పట్టవు. నేను రసమే పోయించాను. హిచ్‌కు కాంక్రీటు పోసిన పెట్టె తగిలించాను. ఇంత చేసినా గడ్డ మీద చక్రం గిర్రున తిరిగేది, గొలుసులు కట్టాకే ఆగింది. మా వైపు దమ్ము మడిలో కేజ్ వీల్స్ లేకుండా ట్రాక్టర్ దింపితే ఏమవుతుందో చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. గొలుసు కొనేముందు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి.

కంకర దారి ఉన్నవాళ్ళకు ఒక మాట. మొదటి మంచు పడేసరికి నేల ఇంకా గడ్డకట్టి ఉండదు, బ్లేడు కంకరనంతా గోకి గడ్డిలోకి నెట్టేస్తుంది, ఏప్రిల్లో దాన్ని పళ్ళ పారతో వెనక్కి లాగుతూ కూర్చోవాలి. రెండంగుళాల ఇనుప గొట్టాన్ని పొడవునా చీల్చి బ్లేడు అంచుకు తొడిగితే అది గోకదు, జారుతుంది. నేల గట్టిపడ్డాక గొట్టం తీసేస్తాను.

సబ్‌ఫ్రేమ్‌కు ఉన్న నిజమైన లోటు ఎత్తలేకపోవడం. బ్లేడు అడుగు మించి లేవదు, కాబట్టి గుట్ట మీదికి గుట్ట పెట్టడం కుదరదు. నవంబరులో పడిన మొదటి మంచునే దారికి నాలుగైదు అడుగుల అవతలికి నెట్టాలి. అప్పుడు బద్ధకించి దారి అంచునే వదిలేస్తే, ఆ గట్టు గడ్డకట్టి జనవరికి గోడవుతుంది, పన్నెండడుగుల దారి తొమ్మిదడుగులవుతుంది. ఎదురుగా మెయిన్ రోడ్డు మీదికో, దాని అవతలికో తోసేద్దామనుకుంటే మిషిగన్ చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా చెయ్యకూడదు, అటు వచ్చే కారువాళ్ళ ప్రాణం మీదికి వస్తుంది.

ఎత్తి పెట్టిన బ్లేడు కింద చెయ్యి గానీ తల గానీ పెట్టకండి. పిన్ను జారిందనో, మంచు ఇరుక్కుందనో వంగి చూడాలనిపిస్తుంది. ముందు నేలకు దించండి, ఇంజను ఆపండి, జాయ్‌స్టిక్‌ను అటూ ఇటూ కదిపి ఒత్తిడి వదలండి, అప్పుడు దిగండి. ఇంట్లో పిల్లలున్నవాళ్ళకు ఇంకా గట్టిగా చెప్తున్నాను. మంచు పడిన పొద్దున వాళ్ళు ట్రాక్టర్ వెనకే పరిగెత్తుతారు, వెనక బరువు పెట్టె ఉన్న ట్రాక్టర్ మీద కూర్చున్నవాడికి మూడడుగుల పిల్ల కనిపించదు. మా పాప కిటికీ దగ్గర కనిపిస్తేనే నేను ఇంజను స్టార్ట్ చేస్తాను.

పోయిన చలికాలం, మళ్ళీ ఆ తూము దగ్గరే. పక్కన నారింజ రంగు కర్రలు పాతాను గానీ రాత్రి గాలికి ఒకటి వంగి మంచులో కలిసిపోయింది. బ్లేడు ఎడమకు తిరిగి ఉంది, అదే కుడి మూల, అదే కాంక్రీట్ అంచు. టంగుమని చప్పుడయింది. బ్లేడు ముందుకు బోర్లి, మూల కాస్త పక్కకు తిరిగి, అంచును దాటి, స్ప్రింగులు లాగితే మళ్ళీ నిలబడింది. నేను పెడల్ మీంచి కాలు తీసేలోపే అంతా అయిపోయింది. దిగి చూస్తే బ్లేడు రంగు రెండంగుళాల మేర లేచింది, ఇంకేమీ లేదు.

ఆ రాత్రి నాయనకు వీడియో కాల్ చేసి, గ్యారేజీలో ఫోను బ్లేడు వెనక్కి తిప్పి ఆ స్ప్రింగులు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఎన్ని ఉండాయిరా?"

"రెండు, నాయనా."

"మన గొర్రుకు పద్దెనిమిది," అన్నాడు.